"ఇది నా బండి కాదురా" అన్నారు నాన్న

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 47, పెదవాల్తేరులో సొంత ఇల్లు, స్థిరమైన ఉద్యోగం. ఉత్తరంలో సగం కారు గురించి, సగం ఇంటి గురించి. ముందు ఆయన గోడు క్లుప్తంగా చెబుతాను.

వాళ్ల నాన్నగారికి 81 ఏళ్లు. 1970ల్లో ఆయన తన 1966 నాటి ఫియట్ 1100 డిలైట్‌ను ఇక్కడి నుంచి రెండు రోజులు నడుపుకుంటూ మద్రాసు వెళ్లి, షోలవరం రేసుల్లో పరిగెత్తించి, మళ్లీ అదే కారులో తిరిగొచ్చేవారట. ఒక్కసారి తన క్లాసులో మూడో స్థానం వచ్చింది. 1994 నుంచి కారు షెడ్డులోనే ఉండిపోయింది. మూడేళ్ల కిందట కొడుకు దాన్ని బయటికి తీసి నగరంలోనే ఒక పెద్ద వర్క్‌షాపుకు అప్పగించారు. ఇంజను బోరు చేసి కొత్త పిస్టన్లు వేశారు, రంగు వేశారు, కొత్త సైలెన్సర్ బిగించారు, కింద మందపాటి కార్పెట్టు పరిచారు. బిల్లు మొత్తం 6,40,000 రూపాయలు. బండి అద్దంలా తయారైంది. కానీ తగరపువలస దాటాక హైవే మీద ఎంత తొక్కినా మీటరు ముల్లు 95 దాటదు. నాన్నగారు అప్పట్లో డాష్‌బోర్డుకు బిగించుకున్న ఆర్పీఎం మీటరు (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పేది) ఆ వేగంలో 3,700 చూపిస్తుంది. 70 దాకా హాయిగా లాగుతుంది, ఆ తర్వాత ఎవరో వెనక తాడు కట్టి పట్టుకున్నట్టు ఉంటుంది. నాన్నగారి లెక్కలో ఇదే బండి 145 కొట్టేది.

తలా ఒక మాట చెప్పారు. ఇంజను సెట్ అవ్వాలి, రెండు వేల కిలోమీటర్లు తిరగనివ్వండి అంది వర్క్‌షాపు. అది కూడా తిరిగాక, "వైజాగ్ గాలి సార్, ఉప్పు, తేమ" అంది. ఆటోనగర్‌లో ఇంకో మెకానిక్ వెనక హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ (ఇంజను తిరుగుడును వెనక చక్రాలకు మళ్లించే పళ్లచక్రాల జత) మార్చాలి, అరవై వేలు అవుతుందన్నాడు. బావగారు మాత్రం ఈ ముసలి ఇంజను తీసి అవతల పారేసి మారుతీ 1300 సీసీ ఇంజను దింపేయమంటున్నారు. భార్య నోరు తెరిచి ఏమీ అనలేదు. అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజు రసీదు తెచ్చి కారు వైపర్ కింద పెట్టి వెళ్లారట.

ఇవన్నీ ఒక ఎత్తు. నెల కిందట నాన్నగారిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని రుషికొండ దాకా తీసుకెళ్లి తెచ్చారు. ఇంటి ముందు దిగాక పెద్దాయన బానెట్ మీద చెయ్యి వేసి, "బాగుందిరా. కానీ ఇది నా బండి కాదురా" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ మాట తనను నిద్ర పోనివ్వడం లేదని రాశారు. ఉత్తరం చివర్లో, ఏదో మరిచిపోయి కలిపినట్టుగా, ఒక పేరా ఉంది. కంచరపాలెంలో ఒక పాత మెకానిక్ ఉన్నారు, ఇంట్లో అందరూ "మావయ్యా" అనే పిలుస్తారు, ముప్ఫై ఏళ్లు ఈ కారు చూసింది ఆయనే. ఆయన దగ్గర రంగు వేసే బూత్ లేదని బండి ఆయనకివ్వలేదు. పని పూర్తయ్యాక వర్క్‌షాపు తిరిగిచ్చిన పాత సామాన్ల గోనెసంచి ఇంట్లో పెట్టడానికి చోటు లేక ఆయన షెడ్డులోనే పడేసి వచ్చారు. ఆయన మాట్లాడకుండా తీసుకున్నారట.

"లోపం ఎక్కడుంది? ఇంకా డబ్బు పెట్టనా, వదిలేయనా? నాన్నకు ఏం చెప్పను?" అని అడిగారు.

*

బాబూ, మీ ఉత్తరంలో మీరు గమనించకుండానే నాకు చాలా పనికొచ్చే సంగతి ఒకటి రాశారు. మీటరు 95, ఆర్పీఎం 3,700. ఈ రెండు అంకెలు కలిపితే అరవై వేల రూపాయలు మిగులుతాయి. ఎలాగో చూడండి.

మీ బండి టైరు ఒక్క చుట్టు తిరిగితే సుమారు 1.85 మీటర్లు ముందుకు వెళుతుంది. (టైరు మీద, నేల మీద చాక్‌పీసుతో గీత పెట్టి, బండిని ఒక్క చుట్టు తోసి, టేపు పెట్టి కొలుచుకోండి. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా వస్తే లెక్క మారదు.) నాలుగో గేరులో ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక హౌసింగ్‌కు వెళ్లే పొడవాటి కడ్డీ) అన్నే చుట్లు తిరుగుతుంది. గంటకు 95 కిలోమీటర్లలో చక్రం నిమిషానికి దాదాపు 856 చుట్లు తిరగాలి. 3,700ను 856తో భాగిస్తే 4.3 వస్తుంది. ఈ మోడలు ఫియట్‌కు సహజమైన రేషియో, అంటే చక్రం ఒక్క చుట్టుకు షాఫ్ట్ తిరిగే చుట్ల లెక్క, అదే. మెకానిక్ అనుమానమే నిజమై ఘాట్ రోడ్డు బండికి వేసే పొట్టి గేరు వెనక హౌసింగ్‌లో ఉండి ఉంటే, 95 దగ్గర ముల్లు నాలుగు వేలు దాటి నిలబడేది. కాబట్టి క్రౌన్ పినియన్‌ది తప్పు కాదు. క్లచ్‌దీ కాదు. క్లచ్ జారుతుంటే ఇంజను అరుస్తూ పైకి వెళ్లేది, బండి వెళ్లేది కాదు. మీ ఇంజను పైకి వెళ్లడమే లేదు.

రెండు మీటర్లూ పాతవే కదా, వాటిని నమ్మొచ్చా అనే అనుమానం న్యాయమే. స్పీడు ఫోనులో జీపీఎస్‌తో సరిచూసుకోండి. హౌసింగ్ రేషియో కళ్లారా చూడాలంటే జాకీ మీద ఒక వెనక చక్రాన్ని లేపి, రెండోది నేల మీదే ఉంచి, దాని ముందూ వెనకా ఇటుకలు గట్టిగా అడ్డం పెట్టండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ మీద పెట్టిన సుద్ద గీత ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. నాలుగు చుట్లూ ఇంకో పావు పైన వస్తే ఆటోనగర్ వాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేయండి. జాకీ మీదున్న బండి కిందకు మాత్రం దూరకండి, పక్క నుంచే చూడండి.

ఇక సముద్రపు గాలి. పాపం, వైజాగ్ గాలికి చాలా నిందలు పడ్డాయి, ఇది ఇంకొకటి. మండే ఎండలో తేమ గాలి చలికాలం పొద్దుటి గాలి కంటే పలచన, నిజమే. దానివల్ల ఇంజను బలం నూటికి ఐదారు వంతులు తగ్గొచ్చు. వేగంలో అది రెండు కిలోమీటర్ల తేడా. అసలు సముద్ర మట్టంలో ఉన్న ఊరు కాబట్టి ఇంజనుకు గాలి చిక్కగా దొరికే చోటు మనది. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో ఇదే బండికి పదో వంతు గాలి తక్కువ దొరుకుతుంది. ఉప్పు గాలి చేసే చెడుపు వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఒక విషయం ముందు మనసులో పెట్టుకోండి. వేగం కొంచెం తగ్గిందంటే బలం చాలా తగ్గినట్టు. గాలిని చీల్చుకుంటూ వెళ్లడానికి కావాల్సిన బలం వేగపు ఘనం (క్యూబ్) లెక్కన పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్లు బలం కావాలి. మీ ఫియట్ కంపెనీ నుంచి వచ్చినప్పుడు 1089 సీసీ ఇంజనుతో, నలభై చిల్లర గుర్రాల బలంతో, నూట ఇరవై దరిదాపుల దాకా వెళ్లేది. ఇప్పుడు 95 దగ్గర ఆగుతోందంటే రేసు బలం సంగతి అటుంచండి, మామూలు బలంలోనే సగం కనిపించడం లేదు. కార్బొరేటర్‌లో ఒక జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) చిన్నదైతేనో పెట్రోలు మారితేనో సగం బలం పోదు. ఎక్కడో ఒక పెద్ద తలుపు సగమే తెరుచుకుంటోంది.

"పెద్ద తలుపు" అని ఊరికే అనలేదు. మా ఇంట్లో 1986 పద్మిని ఉండేది. ఒక ఏడాదంతా అది ఎనభై దాటేది కాదు. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, కార్బొరేటర్ కిట్టు అన్నీ మార్పించాను. ఒక రోజు మా పెద్దమ్మాయి వెనక సీట్లో చాక్లెట్ కాగితం కోసం వెతుకుతూ ముందు సీటు కింది రబ్బరు చాప లాగి పక్కన పడేసింది. ఆ సాయంత్రం బండి గాలిలో తేలింది. మడతపడ్డ చాప యాక్సిలరేటర్ పెడల్‌ను సగంలోనే ఆపేస్తోంది! ఏడాది పాటు నేను సగం కారు నడిపాను. ఇంజనీరింగ్ కాలేజీలో వర్క్‌షాపు పాఠాలు చెప్పే మనిషిని.

మీ ఉత్తరంలో "మందపాటి కార్పెట్టు" అనే మాట దగ్గర నా కన్ను ఆగింది అందుకే. మొదటి పని, రూపాయి ఖర్చు లేనిది: కార్పెట్టు తీసేయండి. ఇంజను ఆపి ఉండగా గాలి ఫిల్టర్ మూత విప్పి కార్బొరేటర్ గొంతులోకి టార్చి వేయండి. ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి పెడల్ అడుగంటా తొక్కమనండి. గొంతులో ఉన్న గుండ్రటి పళ్లెం నిలువుగా నిలబడాలి, దాని అంచు గీతలా కనిపించాలి. పళ్లెం వెడల్పు ఇంకా కనిపిస్తోందంటే అది పూర్తిగా తెరుచుకోలేదు. అప్పుడు చేత్తో లివరు తోసి చూడండి, ఇంకా కదిలితే పెడల్‌ను కార్బొరేటర్‌కు కలిపే లింకేజీ రాడ్డు సర్దుబాటు పోయినట్టు. పెడల్ తొక్కే మనిషి మీ ఇంటావిడ అయితే బాగుంటుంది. ఇది సంసార సలహా కాదు, ఈ పనికి ఇద్దరు కావాలి. అయినా ఆ రసీదుకు మీరింకా జవాబు చెప్పలేదు కదా.

ఆ పళ్లెం, అంటే థ్రాటిల్, పూర్తిగానే తెరుచుకుంటోంది అంటారా, సరే. హైవే మీద 130 కొట్టి చూడాల్సిన పని లేదు. నాలుగు వరసల హైవేలో కార్లకు గరిష్ఠ వేగం 100 అని చట్టం. పైగా మీ బండికి నాలుగూ డ్రమ్ము బ్రేకులే. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 40 నుంచి పూర్తిగా తొక్కి పట్టుకోండి, ఆర్పీఎం ముల్లు చూసే పని పక్కవాళ్లకు అప్పగించండి. మూడో గేరులో 5,000 దాకా వెళ్లినా బండి హద్దులోనే ఉంటుంది. ముల్లు సాఫీగా ఐదు వేలకు ఎక్కితే ఇంజనుకు ఊపిరి బాగానే ఆడుతోంది, బలం మిగతాచోట్ల కారిపోతోంది. నాలుగు వేల దగ్గర గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతే ఊపిరి ఆడటం లేదు. ఆగి, తెరిపి ఇచ్చి, మళ్లీ ఊపందుకుని, మళ్లీ ఆగుతుంటే పెట్రోలు అందడం లేదు.

గోడకు కొట్టుకున్నట్టు ఆగే రకంలో నా అనుమానం వరసగా రెండింటి మీద. ఒకటి మీ కొత్త సైలెన్సర్. నాన్నగారు అప్పట్లో తిన్నని గొట్టం వాడి ఉంటారు, ఇప్పుడు వేసింది దొరికిన సైజులో ఏదో వేసి ఉంటారు. గొట్టం ఒకచోట విప్పి, చప్పుడు భరించి, ఒక్క కిలోమీటరు నడిపితే తేలిపోతుంది. పొద్దున్నే ఊరి బయట చేయండి, పెదవాల్తేరులో చేస్తే వీధంతా లేస్తుంది. రెండోది డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు. ఇంజను వేగం పెరిగే కొద్దీ అవి బయటికి విచ్చుకుని నిప్పురవ్వను ముందుకు జరపాలి. ముప్ఫై ఏళ్లు షెడ్డులో, అదీ ఈ తేమలో, పడి ఉన్న డిస్ట్రిబ్యూటర్‌లో అవి తుప్పుతో బిగుసుకుపోవడం నేను చాలా చూశాను. బయటంతా కొత్త రంగు, లోపల అదే పాత తుప్పు. ఐడిలింగ్‌లో (బండి నిలబడి ఇంజను ఊరికే తిరిగేటప్పుడు) టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే వేళ, సరిగ్గానే ఉంటుంది, అందుకే వర్క్‌షాపు వాళ్లకు దొరకదు. టైమింగ్ లైటు పెట్టి యాక్సిలరేటర్ ఇస్తూ చూడాలి. పుల్లీ మీద గీత జరగాలి. జరగకపోతే దొంగ దొరికినట్టే.

ఉప్పు గాలి చేసే అసలు చెడుపు అన్నాను కదా, అది ఇలాంటి చోట్లే. పెట్రోలు ట్యాంకు లోపల కూడా. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. అది ట్యాంకు గోడలకు ముప్ఫై ఏళ్లుగా పట్టిన జిగురును కరిగించి ముందుకు తోస్తుంది, గాలిలో తేమనూ తాగుతుంది. ట్యాంకు లోపలి జల్లెడ సగం మూసుకుపోతే 70 దాకా పెట్రోలు చాలుతుంది, ఆపైన చాలదు. పూర్తి బలంతో ఈ ఇంజనుకు నిమిషానికి పావు లీటరు, రేసు పనితనం ఉంటే మూడొందల యాభై మిల్లీలీటర్ల దాకా కావాలి. కాయిల్ వైరు తీసేసి, కార్బొరేటర్ దగ్గర గొట్టం విప్పి, గాజు సీసాలోకి పెట్టి, స్టార్టర్‌తో అరనిమిషం తిప్పి ఎంత పడిందో కొలవండి. పక్కన బీడీ వెలిగించే మనిషి ఉండకూడదు. స్టార్టర్ వేగంలో పంపు నెమ్మదిగా కొడుతుంది కాబట్టి కాస్త తక్కువ పడితే కంగారు అక్కర్లేదు, సన్నని దారంలా పడితేనే అనుమానించాలి. అలాగే పది నిమిషాలు నడిపాక ట్యాంకు మూత విప్పండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని రంధ్రం పూడుకుపోయింది, అంతే సంగతి.

ఇథనాల్ పెట్రోలుకు మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెద్దది పడుతుంది, లేకపోతే మిశ్రమం పలచనై ప్లగ్గు కొన తెల్లగా కాలుతుంది. పాత రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించండి. ఇది వేగం కోసం కాదు, బండి తగలబడకుండా. ఈ ఖర్చు మాత్రం ఆపొద్దు.

బ్రేకులు పట్టేసుకోవడం, హెడ్డు (సిలిండర్ల పైమూత) కింద కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి) తగ్గడం వంటివి కూడా చూడాలి, కానీ సులభం. ఇరవై నిమిషాలు నడిపి ఆపి నాలుగు చక్రాల్లో ఒక్కోదాని నడిమధ్యకు చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మిగతా మూడింటికన్నా వేడెక్కితే ఆ చక్రం బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ తుప్పు పట్టి ఉండొచ్చు. కంప్రెషన్ గేజి నాలుగు సిలిండర్లలో దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి తక్కువైతే వాల్వు కావచ్చు, నాలుగూ సమంగా తక్కువైతే వేరే కథ.

ఆ వేరే కథే నన్ను ఈ ఉత్తరం మూడుసార్లు చదివించింది.

నాన్నగారి మాటను మీరు నింద అనుకున్నారు. నాకది సమాచారంలా వినిపించింది. రేసుకు తయారైన ఫియట్ 1100లో సాధారణంగా హెడ్డు అరగదీసి కంప్రెషన్ పెంచుతారు, వాల్వులు ఎక్కువసేపు, ఎక్కువ ఎత్తు తెరుచుకునేలా వేరే క్యామ్ షాఫ్ట్ వేస్తారు, కార్బొరేటర్ జెట్లు మారుస్తారు. అలాంటి ఇంజను ఐడిలింగ్‌లో కుదురుగా ఉండదు, తడబడుతూ ఉంటుంది, మూడు వేలు దాటాకే గొంతు విప్పుతుంది. ఇవేవీ తెలియని వర్క్‌షాపు ఏం చేస్తుంది? "క్యామ్ అరిగింది సార్" అని కంపెనీ క్యామ్ వేస్తుంది. హెడ్డు కింద మందంగా ఉన్న గ్యాస్కెట్ వేస్తుంది, కంప్రెషన్ తగ్గుతుంది. టైమింగ్ చెయిన్ ఒక పన్ను అటో ఇటో పడినా గమనించకపోవచ్చు, దాంతో కూడా నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ సమంగా పడిపోతుంది. ఐడిలింగ్ కుట్టుమిషన్‌లా ఉంటుంది, మీకు "స్మూత్" అనిపిస్తుంది. మీ ఉత్తరంలో "ఇంజను చప్పుడే వినిపించదు" అని గొప్పగా రాశారు. రుషికొండ దాకా మీ నాన్నగారు వెతుక్కున్నది ఆ చప్పుడే అయ్యుండొచ్చు. ఇది ఆయన బండి కాదన్న మాట అక్షరాలా నిజం కావచ్చు బాబూ. ఆయన బండి కంచరపాలెంలో గోనెసంచిలో ఉండొచ్చు.

145 సంగతీ ఒక మాట. ఆ కాలపు స్పీడోమీటర్లు నూటికి ఎనిమిది, పది ఎక్కువ చూపడం మామూలే. ఆయన మీటరు మీద 145 చూస్తే అసలు వేగం 132 దగ్గర ఉండి ఉంటుంది, దానికి యాభై చిల్లర గుర్రాల బలం చాలు, అది రేసు పనితనంతో సాధ్యమే. షోలవరం రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్ స్ట్రిప్. విమానాల కోసం పోసిన తిన్నటి రోడ్డు మీద పూర్తిగా తొక్కి పట్టుకునే అవకాశం ఉండేది. కాబట్టి పెద్దాయన కోతలు కోయడం లేదు, మీటరు కొంచెం కోసింది. ఈ లెక్క ఆయన ముందు మాత్రం చెప్పకండి.

మావయ్య దగ్గరికి వెళ్లాలా? వెళ్లకుండా కూడా పని అవుతుంది. టైమింగ్ లైటు, కంప్రెషన్ గేజి ఉన్న కుర్రాడెవరైనా పైన చెప్పిన పరీక్షలన్నీ ఒక రోజులో చేసేస్తాడు, ఖర్చు మూడు వేలు దాటదు. దాంతో బండి 110, 115కు రావచ్చు. కానీ ఆ ఇంజనులో 1970ల్లో ఏం చేశారో తెలిసిన మనుషులు లోకంలో ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ వయసు మీదపడింది. వెళ్తే ఆయన మొదట పని గురించి మాట్లాడరు. "ఏటి బాబూ, పెద్ద షాపోళ్లు చూడలేదేటి?" అంటారు. ఆ మాట పడాలి మీరు. తప్పు మీదే కదా. అక్కడ పనిచేసే కుర్రాళ్ల ముందు క్షమాపణ చెప్పి ఆయన్ని ఇరకాటంలో పెట్టకండి. మధ్యాహ్నం భోజనాల వేళ, నాన్నగారిని వెంటబెట్టుకుని, బండిలోనే వెళ్లండి. పెద్దవాళ్లిద్దరినీ కూర్చోబెట్టి మీరు కాసేపు టీకి వెళ్లినా మంచిదే. నాన్నగారిని "ఎందుకు నచ్చలేదు" అని అడిగితే "బాగానే ఉందిలే" అంటారు. "ఏం మారింది నాన్నా" అని అడగండి.

అక్కడి నుంచి మీ ముందు నాలుగు దారులు ఉన్నాయి. ఏది పట్టినా ఏదో ఒకటి వదులుకోవాలి.

లోపం సరిచేసి మామూలు ఫియట్‌లా ఉంచేయొచ్చు. ఖర్చు తక్కువ, అమ్మగారు, పిల్లలు హాయిగా ఎక్కి భీమిలి వెళ్లొస్తారు. నాన్నగారు ఇంకోసారి ఎక్కుతారో లేదో నేను చెప్పలేను.

సంచిలో క్యామ్, పాత జెట్లు ఉండి, కొలిస్తే ఇంకా పనికొచ్చే స్థితిలో ఉంటే, వాటిని తిరిగి వేయించొచ్చు. హెడ్డు దించాలి, ముందు భాగం విప్పాలి, పాతిక, ముప్ఫై వేలు పట్టొచ్చు. కంప్రెషన్ పెరిగితే ఖరీదైన ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయాలి. సిరిపురం సిగ్నల్ దగ్గర బండి తడబడుతుంది, ఆగిపోతుంది కూడా. జగదాంబ జంక్షన్ ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. చప్పుడుకు పక్కింటివాళ్లు తలుపులు వేసుకుంటారు. ఈ దారిలో వెళ్తే ఇంజను కంటే ముందు బ్రేకు లైనింగులు, కొత్త టైర్లు చూడండి. ముప్ఫై ఏళ్ల టైరు పైకి ఎంత బాగున్నా 120లో నమ్మకూడదు.

బావగారి ఇంజను మార్పిడి గురించి. వేగం వస్తుంది, అనుమానం లేదు. కానీ కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టంలో హద్దులున్నాయి, ఆర్సీలో ఎక్కించుకోకుండా చేస్తే ఇన్సూరెన్సు కూడా అక్కరకు రాదు. ఇంకా పెద్ద నష్టం ఒకటుంది. 2021లో కేంద్రం పాత వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఇంజను, ఛాసిస్, బాడీ పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉన్న బండ్లకు "వీఏ" అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, పునర్నమోదుకు 5,000 రుసుము. రోజువారీ తిరుగుళ్లకు, వ్యాపారానికి వాడకూడదు. 1966 బండి మీది, అర్హత ఉంది. మారుతీ ఇంజను దింపిన రోజున ఆ తలుపు మూసుకుంటుంది. బావగారిని నొప్పించకుండా ఈ నియమం కాగితం తీసి చూపించండి, వాదన అక్కర్లేదు. రెండో దారి పట్టేటప్పుడు కూడా, ఏయే మార్పులు ఒప్పుకుంటారో ఆర్టీఏ ఆఫీసులో అడిగి ముందుకెళ్లండి.

నాలుగోది, 95లోనే వదిలేయడం. బీచ్ రోడ్డుకు 95 కూడా ఎక్కువే. కానీ సగం బలం ఎక్కడ పోతోందో తెలియకుండా వదిలేయడం నాకు నచ్చదు, ఎందుకంటే పోతున్న బలం వేడిగా మారి ఎక్కడో ఒకదాన్ని తినేస్తూ ఉండొచ్చు. వదిలేయాలనుకున్నా పరీక్షలు చేశాకే వదిలేయండి.

ఇంటావిడ విషయంలో నాకు తెలిసిన ఉపాయమల్లా ఒక్కటే, అంకె చెప్పడం. "కొంచెం ఖర్చవుతుంది" అనే మాట ఆవిడ మూడేళ్లుగా వింటున్నారు. పరీక్షలకు మూడు వేలు, గొట్టాలకు, జెట్టుకు ఇంత, ఇది దాటితే నిన్ను అడక్కుండా ఒక్క స్క్రూ కూడా కొనను అని కాగితం మీద రాసి, అదే వైపర్ కింద పెట్టండి. ఫీజు కట్టిన తర్వాత.

ఆదివారం పొద్దున కార్పెట్టుతో మొదలుపెట్టండి. పళ్లెం నిలువుగా నిలబడిందో లేదో, మూడో గేరులో ముల్లు ఎక్కడ ఆగిందో నాకు రాయండి. కంచరపాలెంలో సంచి విప్పినప్పుడు అందులో క్యామ్ షాఫ్ట్ కనిపిస్తే కిరసనాయిల్‌తో కడిగి మెరిపించకండి. మురికి మురికిగానే ఒక నూనె గుడ్డలో చుట్టి నాన్నగారి ఒళ్లో పెట్టండి. దాని మీద ఆయన చేత్తో కొట్టిన గుర్తు ఏదైనా ఉంటే ఆయనే వేలితో తడిమి చెబుతారు.